ఆ పందొమ్మిదేళ్ల కుర్రాడిని ఇక వదిలేయండి

బేస్‌బాల్‌లో ఘోరమైన తప్పుల గురించి మాట వస్తే చాలు, ఫ్రెడ్ మెర్కిల్ పేరు లాగుతారు. 'బోన్‌హెడ్' అని బిరుదొకటి. అంటే మన భాషలో మొద్దుబుర్ర. ఆ ఆట గురించి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

1908 సెప్టెంబర్ 23. న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో జెయింట్స్, చికాగో కబ్స్ మధ్య మ్యాచ్. జెయింట్స్‌కి మామూలుగా ఫస్ట్ బేస్‌లో ఆడే ఫ్రెడ్ టెన్నీకి నడుం నొప్పి, అందుకని ఆ రోజు పందొమ్మిదేళ్ల మెర్కిల్‌ని దింపారు. (బేస్‌బాల్‌లో పరుగు రావాలంటే ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌లు వరసగా తొక్కి, బయల్దేరిన చోటికే, అంటే హోమ్‌కి, తిరిగి రావాలి.) తొమ్మిదో ఇన్నింగ్స్ ఆఖరు, స్కోరు 1-1, జెయింట్స్‌కి ఇద్దరు ఔట్. అంత టెన్షన్‌లో ఈ కుర్రాడు హిట్ కొట్టి తాను ఫస్ట్ బేస్ చేరి, తోటి ఆటగాడు మెకార్మిక్‌ని థర్డ్ బేస్‌కి చేర్చాడు. ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు! తర్వాత బ్రిడ్‌వెల్ కొట్టిన బంతి సెంటర్‌ఫీల్డ్‌లోకి పోయింది. మెకార్మిక్ హోమ్‌కి వచ్చేశాడు. గెలిచేశామనుకుని జనం మైదానంలోకి దూకారు. సెకండ్ బేస్‌కి వెళ్లాల్సిన మెర్కిల్ సగం దారిలోనే క్లబ్‌హౌస్ వైపు తిరిగాడు.

క్రికెట్‌లో చెప్పుకోవాలంటే, ఆఖరి బంతికి గెలుపు పరుగు తీస్తూ నాన్-స్ట్రైకర్ అవతలి క్రీజు చేరకుండానే పెవిలియన్‌కి పరిగెత్తినట్టు. అతన్ని రనౌట్ చేస్తే ఆ పరుగు లెక్కలోకి రాదు. కబ్స్ ఆటగాడు జానీ ఎవర్స్ బంతి తెప్పించుకుని సెకండ్ బేస్ తొక్కాడు. అతని చేతికొచ్చింది అసలు బంతేనా అన్న గొడవ ఇప్పటికీ తెగలేదు. అంపైర్ హ్యాంక్ ఓడే ఔటిచ్చాడు. మైదానం నిండా జనం, చీకటి కూడా పడుతోంది, ఇంకేం ఆడతారు? మ్యాచ్ టై.

రూల్ ప్రకారం ఔటే, కాదనను. కానీ గెలుపు పరుగు వచ్చాక వెనకున్న రన్నర్ బేస్ తొక్కకుండా వెళ్లిపోవడం అప్పట్లో అందరూ చేసేదే. పందొమ్మిది రోజుల ముందు పిట్స్‌బర్గ్‌లో వారెన్ గిల్ అచ్చం ఇలాగే చేశాడు. అప్పుడు కూడా అప్పీల్ చేసింది ఎవర్సే, అంపైర్ ఓడేనే. తాను చూడలేదని ఔటివ్వలేదు. గిల్ పేరు మీలో ఎంతమంది విన్నారు? దొరికితే దొంగ, దొరక్కపోతే దొర.

ఇంకో విషయం. ఆ తర్వాత ఫిలడెల్ఫియా పిచర్ (బంతి విసిరేవాడు) హ్యారీ కొవెలెస్కీ ఒక్కడే ఐదు రోజుల్లో మూడు సార్లు జెయింట్స్‌ని ఓడించాడు. అందులో ఒక్కటి గెలిచినా మెర్కిల్ ఊసే ఉండేది కాదు. సీజన్ చివరికి రెండు జట్లూ 98 గెలుపులు, 55 ఓటములతో సమానంగా నిలిచాయి. టై అయిన ఆ మ్యాచ్‌నే అక్టోబర్ 8న మళ్లీ ఆడితే కబ్స్ 4-2తో గెలిచి, వరల్డ్ సిరీస్ (ఛాంపియన్‌ని తేల్చే ఆఖరి పోటీ) కూడా ఎత్తుకుపోయారు. (తర్వాత వాళ్లకి ఇంకోటి 2016లో గానీ రాలేదు. నాకైతే కాస్త కడుపు చల్లబడింది.)

జెయింట్స్ మేనేజర్ జాన్ మెక్‌గ్రా మాత్రం కుర్రాడిని తరిమేయలేదు. 1910 కల్లా ఫస్ట్ బేస్ అతనికే అప్పగించాడు. మెర్కిల్ ఐదు వరల్డ్ సిరీస్‌లు ఆడాడు, పాపం ఒక్కటీ గెలవలేదు. మొద్దుబుర్రని ఐదు సార్లు అంతదాకా ఎవరు తీసుకెళ్తారండీ? అయినా ఆ పేరు వదల్లేదు. చాలా ఏళ్లు బేస్‌బాల్‌కే మొహం చాటేశాడు. 1950లో పాత ఆటగాళ్ల వేడుకకి పోలో గ్రౌండ్స్‌కి వస్తే జనం చప్పట్లు కొట్టారు. నలభై రెండేళ్ల తర్వాత.