జోకును చదివారు, నవ్వును వదిలేశారు

జాతి, స్టాండప్ కామెడీ అనే అంశం మీద అమెరికా, బ్రిటన్ విశ్వవిద్యాలయాల నుంచి చాలా పరిశోధనే వచ్చింది. అందులో ఎక్కువ భాగం మైకు పట్టుకున్న మనిషి మాటల చుట్టూనే తిరుగుతుంది. ఆ జోకు వివక్షను ఎదిరిస్తోందా, ఒక జాతివాళ్లంతా ఇంతే అనే పాత ముద్రలనే బలపరుస్తోందా అన్నదే వాదన. కింద కూర్చున్నవాళ్లు ఎవరు, దేనికి నవ్వుతున్నారు అన్న ప్రశ్న మాత్రం వెనకబడిపోయింది. నాకు కనిపించే పెద్ద లోటు ఇదే.

ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో అమెరికా నల్లజాతి కమెడియన్ డేవ్ షపెల్ ఉదంతం చూపిస్తుంది. 2005లో ఆయన తన టీవీ షో మూడో సీజన్‌ను మధ్యలో వదిలేసి దక్షిణాఫ్రికా వెళ్లిపోయారు. అప్పటికి చేతిలో 5 కోట్ల డాలర్ల ఒప్పందం ఉంది. ముఖానికి నల్లరంగు పూసుకుని చేసిన ఒక స్కెచ్ షూటింగ్‌లో, సెట్లో ఉన్న ఒక తెల్ల వ్యక్తి నవ్విన తీరు తనను కలవరపెట్టిందని మరుసటి ఏడాది ఓప్రా విన్‌ఫ్రే షోలో చెప్పారు. జాతి ముద్రలను ఎగతాళి చేయడానికే రాసిన స్కెచ్ అది. రాసిన మాట మారలేదు, వచ్చిన నవ్వు వేరే.

1974లో నీల్ విడ్మార్, మిల్టన్ రోకీచ్ అనే మనస్తత్వ పరిశోధకులు ఇలాంటిదే పరిశీలించారు. వాళ్లు తీసుకున్నది స్టాండప్ కాదు, జాతి దురభిమాని అయిన ఆర్చీ బంకర్ పాత్ర ఉన్న టీవీ సీరియల్. ఆ పాత్రను వెక్కిరించడం రచయితల ఉద్దేశం. కానీ దురభిమానం ఎక్కువగా ఉన్న ప్రేక్షకుల్లో చాలామంది ఆర్చీనే మెచ్చుకున్నారు. స్టాండప్ మీద రాసే ప్రతి ఒక్కరూ ఈ అధ్యయనం దగ్గర కాసేపు ఆగాలి.

సిద్ధాంతం వైపు చూస్తే పాత తగువు ఒకటుంది. సమాజశాస్త్రవేత్త క్రిస్టీ డేవిస్ దృష్టిలో జోకు థర్మామీటర్ లాంటిది: సమాజం వేడిని చూపిస్తుంది, పెంచదు. సామాజిక మనస్తత్వవేత్త మైఖేల్ బిల్లిగ్ దీన్ని ఒప్పుకోరు. తెల్లజాతి ఆధిపత్యాన్ని కోరే అమెరికా సంస్థ కూ క్లక్స్ క్లాన్ సానుభూతిపరుల జోకుల వెబ్‌సైట్లను 2001లో విశ్లేషించి, 'ఇది జోకు మాత్రమే' అన్న ముసుగులో ద్వేషం ఎలా ఆనందంగా మారుతుందో చూపించారు. నేను బిల్లిగ్ పక్షమే. అయితే ఆయన చదివింది కూడా రాసిపెట్టిన జోకులనే.

రౌల్ పెరెజ్ అనే పరిశోధకుడు 2013లో ప్రచురించిన అధ్యయనం వీటన్నిటికంటే ప్రేక్షకుల ప్రశ్నకు దగ్గరగా వెళ్లింది. లాస్ ఏంజలెస్‌లో స్టాండప్ నేర్పే ఒక స్కూల్లో ఏం జరుగుతుందో అందులో ఉంది. జాతి జోకు వేసే ముందు నిన్ను నువ్వు వెక్కిరించుకో, లేదంటే వేరే పాత్రలోకి దూరి ఆ మాట అను: తెల్లవాళ్లకు నేర్పించిన ఉపాయాలు ఇలాంటివి. మిగతా జాతుల విద్యార్థులకు తమవాళ్ల మీద ఉన్న ముద్రలనే వాడుకోమని ప్రోత్సాహం దొరికింది. జనం ఎక్కడ ఇబ్బంది పడతారో ముందే లెక్కగట్టి, ఆ ఇబ్బంది తగలకుండా జోకును చెక్కడమే అక్కడి పాఠం. కమెడియన్ స్వేచ్ఛ గురించి పెద్ద పెద్ద మాటలు మాట్లాడేవాళ్లు దీన్ని తప్పక చదవాలి.

నల్లజాతి కమెడియన్ల మీద బాంబీ హాగిన్స్ 2007లో రాసిన పుస్తకం నాకు ఇష్టం. సొంత జనం ముందు పుట్టిన హాస్యం మెయిన్‌స్ట్రీమ్ తెరకు చేరేటప్పుడు కమెడియన్ ఏం మార్చుకోవాల్సి వస్తుందో ఆమె ఓపికగా గమనించారు. వివక్షను సూటిగా నిలదీసే హాస్యానికి మార్కెట్ తక్కువని రెబెక్కా క్రెఫ్టింగ్ 2014లో వాదించారు. డబ్బు సంగతి తెచ్చినందుకు ఆమెను మెచ్చుకోవాలి.

జాతి కాకుండా సామాజిక వర్గం (పైతరగతి, కార్మిక తరగతి లాంటివి) విషయంలో ప్రేక్షకులను నేరుగా అడిగిన పని ఇప్పటికే ఉంది. సమాజశాస్త్రవేత్త సామ్ ఫ్రీడ్‌మన్ స్కాట్లాండ్‌లో జరిగే ఎడిన్‌బరా ఫ్రింజ్ కళల ఉత్సవానికి వచ్చినవాళ్లతో సర్వే చేసి, ఇంటర్వ్యూలు తీసుకుని, ఎవరి అభిరుచి ఎటు మొగ్గుతుందో తేల్చారు. జాతి జోకుల విషయంలోనూ అంత శ్రద్ధ కావాలి. పైగా ఇప్పుడు గంట షోలోంచి కోసిన నిమిషం క్లిప్పు ఫోన్లలో తిరుగుతోంది. ముందూ వెనకా ఏం చెప్పారో తెలియకుండానే చూసి నవ్వేస్తున్నారు. కొత్తగా పరిశోధన మొదలుపెట్టేవాళ్లు స్క్రిప్టు పక్కన పెట్టి, ముందు వీళ్లను కలవాలి.