బావగారి కొత్త ముద్ర

హవాయి దీవుల నాట్యం హులా అంటే నడుము తిప్పడమేనని మా బావగారి గట్టి నమ్మకం. క్యాలెండర్ బొమ్మల్లో గడ్డి పావడా కట్టుకుని నవ్వే అమ్మాయిలను చూసి సంపాదించిన పాండిత్యమది. అందుకే హొనొలులులో మేము దిగిన హోటల్‌ తోటలో పొద్దున్నే హులా నేర్పుతారని తెలియగానే అందరికంటే ముందు తయారై, మొదటి వరుసలో నిలబడ్డారు. ఆ హడావుడిలో చొక్కా మీద అనాసపండు రసం ఒలికించుకున్నారు.

నేర్పే పెద్దావిడ ముందుగా చాప మీద కూర్చుని, ఒకదాని మీద ఒకటి అతికించిన రెండు సొరకాయ బుర్రల వాద్యాన్ని తట్టుతూ పాట ఎత్తుకుంది. తీగ వాద్యం లేదు, పిల్లనగ్రోవి లేదు. ఇది కాహికో, పాత పద్ధతి అని చెప్పింది. ఉకులేలే, గిటారుతో ఆడేది తర్వాత వచ్చిన ఆవుఆనా. బావగారు ఆరాధించే గడ్డి పావడా కూడా ఇక్కడిది కాదట, గిల్బర్ట్ దీవుల నుంచి వచ్చిందట! ఇక్కడివాళ్లు కట్టింది చెట్టు బెరడు దంచి చేసిన కాపా వస్త్రం. 1830లో కాహుమాను రాణి నలుగురిలో హులా ఆడకూడదని ఆజ్ఞ వేస్తే, 1883లో కలాకౌవా రాజు తన పట్టాభిషేక వేడుకల్లోనే ఆడించాడట. మన కళావంతుల ఆటకు పట్టిన గతి తెలిసిన అక్క ఈ మాట విని తల పంకించింది. బావగారు మాత్రం నడుము సవరించుకుంటున్నారు.

"నడుమును మీరు తిప్పకండి. మోకాళ్లు వంచి అడుగు వేయండి, అదే కదులుతుంది" అంది పెద్దావిడ. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్న అక్క హాయిగా అరమండిలో కూర్చుంది. వేళ్లు ఆడిస్తూ చేతులు దించితే వాన, అడ్డంగా ఊపితే అల. చెయ్యి ఎటు పోతే చూపు అటే పోవాలి. దీని కోసమే మా ఊళ్లో మాస్టారు అక్కను ఏళ్ల తరబడి కేకలేశారు.

సరిగ్గా వాన కురిసే చోట, అనాస వాసనకు ఒక తేనెటీగ వచ్చింది.

బావగారు ముందు కుడి చేత్తో విదిలించారు. తర్వాత రెండు చేతులతో. ఒక గిరికీ కొట్టి, వంగి, లేచి, చివరికి ఫెడీమని తన మెడ మీద తానే చరుచుకున్నారు. చూపు మాత్రం చేతుల వెంటే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు పెద్దావిడ కనపడదు, బావగారే కనపడతారు. అంతమందీ విదిలించి, గిరికీ కొట్టి, వంగి, లేచి, మెడ మీద చరుచుకున్నారు.

పెద్దావిడ తాళం ఆపేసింది. "ఇదేం కథ?" అని అడిగింది.

"ఏమండీ, కుట్టిందా?" అంది అక్క తెలుగులో.

బావగారు మెడ రుద్దుకుంటూ "గోదావరి వరద" అని ఇంగ్లీషులో గంభీరంగా సెలవిచ్చారు. వెనక వరుసలోని ఒకావిడ పరుగున వచ్చి, ఫోను ఎత్తి పట్టుకుని, ఆ వరద మరొక్కసారి నెమ్మదిగా చేసి చూపించమని బతిమాలింది. బావగారు చొక్కా సర్దుకుని చేసి చూపించారు. ఈసారి నడుము కూడా తిప్పారు.