పెద్దల టీకాలు: ఎనభై దాకా ఆగకుండా అరవైలోనే ఎందుకు

అమలాపురంలోనో భీమవరంలోనో అరవై దాటినవారి చేతులు గమనిస్తే, చాలామందికి జబ్బ మీద గుండ్రటి పాత మచ్చ ఉంటుంది. అది మశూచి టీకా గుర్తు. దేశంలో మశూచి పోయిందని 1977లో ప్రకటించారు. ఆ టీకా వేయించుకున్నవారి రక్తంలో దశాబ్దాలు గడిచినా ఆ వైరస్‌ను గుర్తుపట్టే కణాలు మిగిలే ఉంటాయని పరిశోధనల్లో తేలింది. చిన్నప్పుడు నేర్చుకున్నదాన్ని ఒళ్లు అంత తేలిగ్గా మరిచిపోదు. కొత్తది నేర్చుకోవడమే వయసుతో కష్టమవుతుంది. 2009లో స్వైన్‌ఫ్లూ వచ్చినప్పుడు పెద్దవాళ్లలో కొందరికి అంతో ఇంతో రక్షణ దొరికింది, ఎందుకంటే 1957కి ముందు తిరిగిన హెచ్1ఎన్1 రకాలు వాళ్లకు పాత పరిచయం. 2020లో వచ్చిన కరోనా ఎవరికీ పరిచయం లేనిది. అది ముందుగా పెద్దవాళ్లనే పొట్టన పెట్టుకుంది.

ఈ తేడా అర్థమైతే, "ఈ వయసులో మాకెందుకు టీకాలు, పిల్లలకు వేయించండి" అనే మాట ఎంత ప్రమాదమో తెలుస్తుంది. వయసు పెరిగేకొద్దీ టీకా ప్రభావం తగ్గుతుందన్నది నిజమే. అది టీకా మానేయడానికి కారణం కాకూడదు. ఏ టీకా, ఎంత మోతాదు, ఏ నెలలో అన్నది ముందే చూసుకుని, ఒంట్లో సత్తువ ఉండగానే వేయించడానికి అది కారణం కావాలి.

రొమ్ము ఎముక వెనకాల థైమస్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. ఎముక మజ్జలో పుట్టిన కణాలు అక్కడికి చేరి, క్రిములతో పోరాడే టీ కణాలుగా తయారవుతాయి. చిన్నతనం నుంచే ఈ గ్రంథి కుంచించుకుపోవడం మొదలై, అరవై డెబ్భై ఏళ్లకు చాలా భాగం కొవ్వుగా మారిపోతుంది. నారుమడి ఎండిపోయిన రైతు పరిస్థితే ఇది: ఊడ్చిన చేలు పచ్చగానే ఉంటాయి, కొత్త చేను ఊడ్చాలంటే నారు ఉండదు. పాత జబ్బులను గుర్తుంచుకున్న కణాలు మిగులుతాయి, కొత్త క్రిమిని ఎదుర్కొనే తాజా కణాలు తరిగిపోతాయి. మన దేశంలో పెద్దవాళ్లందరి ఒంట్లోనూ దాదాపుగా ఉండే సైటోమెగలో వైరస్ ఈ కొరతను ఇంకా పెంచుతుంది. దాన్ని అణచి ఉంచే పనికే టీ కణాల్లో పెద్ద వాటా ఖర్చవుతుంది. యాంటీబాడీలు చేసే బీ కణాలు లింఫు గ్రంథుల్లో పదును పెట్టుకోవాలి. ఆ పని కూడా మందగించి, తయారైన యాంటీబాడీలు క్రిమిని గట్టిగా పట్టుకోలేవు. దీనికితోడు ఒంట్లో సన్నని మంటలాంటి వాపు ఎప్పుడూ రగులుతుంటుంది. షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు, చిగుళ్ల జబ్బు దాన్ని ఎగదోస్తాయి.

టీకాల లెక్కల్లో ఇది బాగా కనిపించేది సర్పి విషయంలో. కొన్ని ఊళ్లలో అక్కి అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరస్ నరాల మొదళ్లలో దాక్కుని, టీ కణాల కాపలా సడలగానే నడుముకో ముఖానికో ఒకవైపు పట్టీలా పొక్కులై లేస్తుంది. పొక్కులు మానినా కొందరికి నెలల తరబడి నరం నొప్పి వదలదు, వయసు పెరిగినకొద్దీ ఆ ముప్పూ ఎక్కువ. మొదట వచ్చిన సజీవ టీకా (బలహీనపరచిన వైరస్‌తో చేసింది) 60 నుంచి 69 ఏళ్లవారిలో 64 శాతం పనిచేసింది, 70 దాటినవారిలో 38 శాతానికి పడిపోయింది. తర్వాత వచ్చిన షింగ్రిక్స్ 70 దాటినవారిలో కూడా దాదాపు 90 శాతం పనిచేసింది. వయసు అదే, ఫలితం మారింది. ఈ టీకాలో వైరస్ ప్రొటీన్‌తోపాటు, చిలీ దేశపు క్విలాయ చెట్టు బెరడు నుంచి తీసిన పదార్థం ఉన్న ఉత్ప్రేరకం కలిపారు. అది మందగించిన కణాలను గట్టిగా తట్టి లేపుతుంది. అందుకే వేసిన తర్వాత ఒకటి నుంచి మూడు రోజులు చెయ్యి నొప్పి, చలి, జ్వరం రావచ్చు. పెళ్లికో తీర్థయాత్రకో బయల్దేరే ముందురోజు వేయించకూడదు. 50 ఏళ్లు దాటినవారికి రెండు డోసులు, మధ్యలో 2 నుంచి 6 నెలలు. రెండోది ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి మొదలెట్టక్కర్లేదు. ఖరీదు మాత్రం ఎక్కువ, ఒక్క డోసే పది వేల రూపాయల స్థాయిలో ఉంటుంది. కొనలేనివారు ఒకటి గుర్తుంచుకోవాలి: పొక్కులు కనబడిన 72 గంటల లోపు వైరస్ మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అక్కి రాయించుకుంటూ ఆ మూడు రోజులు పోగొట్టుకునేవారిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఫ్లూ టీకాలోనూ మోతాదు తేడా తెస్తుంది. మామూలు టీకాలో ఒక్కో వైరస్ రకానికి 15 మైక్రోగ్రాముల ప్రొటీన్ ఉంటే, పెద్దల కోసం చేసిన ఎక్కువ మోతాదు టీకాలో 60 ఉంటాయి. 65 దాటిన సుమారు 32 వేల మందితో అమెరికా, కెనడాల్లో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఎక్కువ మోతాదు 24 శాతం మెరుగ్గా కాపాడింది. మన షాపుల్లో మామూలుగా దొరికేది 15 మైక్రోగ్రాముల టీకానే కాబట్టి మనం సరిచూసుకోగలిగింది సమయం. వేసిన రెండు వారాలకు రక్షణ వస్తుంది, పెద్దవాళ్లలో కొన్ని నెలలకే పలచబడుతుంది. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో, జులై నుంచి సెప్టెంబరు దాకా బాగా పెరుగుతుంది. జనవరి, ఫిబ్రవరుల్లో ఇంకోసారి లేస్తుంది. చలిదేశాలవారి అలవాటు ప్రకారం అక్టోబరులో వేయిస్తే వానాకాలం గడిచిపోయి ఉంటుంది. గోదావరి డెల్టాలో రోహిణి కార్తె వెళ్లేలోపు, ఆ ఏడాది దక్షిణార్ధగోళం కోసం ఎంచిన వైరస్ రకాలున్న టీకా వేయించాలి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి మనవలు దిగేనాటికి ఆ రక్షణ కొంత సన్నగిల్లి ఉంటుంది. కాబట్టి పండక్కి వచ్చేవాళ్లు తాము టీకా వేయించుకుని రావడం, దగ్గు ఉన్న పిల్లల్ని తాతయ్య ఒళ్లో కూర్చోబెట్టకపోవడం ఇంటి బాధ్యత. కెనడాలోని ఒంటారియోలో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఫ్లూ నిర్ధారణ అయిన తొలి వారంలో గుండెపోటు ముప్పు సుమారు ఆరు రెట్లు. గుండెకు స్టెంటు వేయించుకున్నవారికి ఫ్లూ టీకా గుండె మందులంత ముఖ్యం.

న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ అనే క్రిమిని అడ్డుకునే న్యుమోకాకల్ టీకా గురించి క్లుప్తంగా చెప్పుకుంటే, ఆ క్రిమిలో 20 రకాలను అడ్డుకునే టీకా దొరికితే ఒక్క డోసు చాలు. 13 రకాలది వేస్తే, ఏడాది తర్వాత 23 రకాలది వేయించాలి.

డెల్టాలో అందరూ పట్టించుకోకుండా వదిలేసింది ధనుర్వాతం. దేశంలో పిల్లల టీకాల కార్యక్రమం 1978లో మొదలైంది. అంతకుముందు పుట్టినవారిలో చాలామందికి ధనుర్వాతం టీకా పునాది డోసులే పడలేదు. గర్భిణులకు వేసే టీటీ వల్ల ఆడవాళ్లలో కొందరికి రక్షణ దొరికింది, మగవాళ్లకు ఆ అవకాశమూ లేదు. ఆ మగవాళ్లే నేటికీ గట్ల మీద గడ్డి కోస్తారు, కొబ్బరికాయలు ఒలుస్తారు, పశువుల సావిట్లో పేడ ఎత్తుతారు, చెరువుల్లో రొయ్య ముల్లు గుచ్చుకున్నా పట్టించుకోరు. దెబ్బ తగిలాక ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకుని నిశ్చింతగా ఉంటారు. ఇంతకుముందు ఒక్క డోసూ పడనివాళ్లకు ఆ ఒక్క సూది సమయానికి అందదు. యాంటీబాడీలు తగినంత తయారయ్యేలోపే జబ్బు బయటపడొచ్చు. మట్టీ పేడా పడిన గాయంతో వచ్చినవారికి మూడు డోసులు పడ్డాయో లేదో తెలియకపోతే, టీకాతోపాటు 250 యూనిట్ల టెటనస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ (ధనుర్వాతానికి ముందే తయారైన యాంటీబాడీల మందు) ఒంట్లో వేరే చోట ఇవ్వాలి. అసలు జాగ్రత్త దెబ్బ తగలకముందే తీసుకోవాలి: మొదటి డోసు, నాలుగు వారాలకు రెండోది, ఆరు నుంచి పన్నెండు నెలలకు మూడోది. తర్వాత పదేళ్లకోసారి. మానని షుగరు పుండు ఉన్నవారికి ఇది మరీ అవసరం.

మంచి టీకా కొన్నా చెడగొట్టే దారులు చాలా ఉన్నాయి. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే ఎండలో కరెంటు పోయిన ఫ్రిజ్ ఎంత ప్రమాదమో అందరికీ తెలుసు, ఐసుగడ్డ ప్రమాదం మాత్రం చాలామందికి తెలియదు. ధనుర్వాతం, హెపటైటిస్ బి, 13 రకాల న్యుమోకాకల్ టీకాల్లో అల్యూమినియం లవణం ఉంటుంది. గడ్డకడితే ఆ లవణం ముద్దలై టీకా పాడవుతుంది, కరిగాక చూస్తే మామూలుగానే కనిపిస్తుంది. షాపు నుంచి తెచ్చుకునేటప్పుడు ఐసు పక్కనే పెట్టకూడదు. ఐసు ప్యాకెట్టును ఊపితే లోపల నీళ్లు కదిలేదాకా బయట ఉంచి, గుడ్డ చుట్టి, మధ్యలో టీకా పెట్టాలి. సూది జబ్బ కండలోకే పడాలి. పిర్రకు వేస్తే కొవ్వులో ఉండిపోయి ఫలితం తగ్గుతుందని హెపటైటిస్ బి టీకాతో రుజువైంది. రక్తం పలచబడే మందులు వాడేవారికి సన్నసూదితో వేసి, రుద్దకుండా కనీసం రెండు నిమిషాలు అదిమి పట్టుకోవాలి.

మోకాళ్ల నొప్పులకు పేరు లేని పొట్లాల్లో ఇచ్చే మాత్రల్లో స్టెరాయిడ్లు ఉండొచ్చు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ లెక్కన రోజుకు 20 మిల్లీగ్రాముల స్థాయిలో రెండు వారాలు దాటితే టీకా ప్రభావం తగ్గుతుంది, సజీవ టీకాలు వేయకూడదు. కాబట్టి టీకాకు వెళ్లేటప్పుడు వాడే మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లాలి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారు ఫ్లూ టీకా తర్వాత రెండు వారాలు ఆ మందు ఆపితే యాంటీబాడీలు మెరుగ్గా వస్తాయి, జబ్బు అదుపులో ఉందో లేదో చూసి వైద్యుడే ఆ నిర్ణయం తీసుకోవాలి.

టీకా పడినా పెద్దల జబ్బు వేరేగా బయటపడుతుందని ఇంట్లోవాళ్లకు తెలియాలి. న్యుమోనియా వచ్చినా జ్వరం రాకపోవచ్చు. అన్నం మానేయడం, మాట తడబడటం, ఉన్నట్టుండి పడిపోవడం మొదటి గుర్తులు కావచ్చు. కూర్చున్నప్పుడు నిమిషానికి ఊపిరి 24 దాటితే తెల్లారేదాకా ఆగకూడదు. పిల్లలు దూరాన ఉండి, వీడియో కాల్‌లో "బానే ఉన్నానమ్మా" అన్న మాట విని ఊరుకునే ఇళ్లు కోనసీమలో ఎన్నో.

ప్రభుత్వం కొత్తగా పెద్ద పథకమేమీ పెట్టక్కర్లేదు. ధనుర్వాతం, డిఫ్తీరియా కలిపిన టీడీ టీకా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇప్పటికే ఉంది. పది డోసుల సీసా తెరిచాక కూడా చల్లదనం తప్పకుండా ఉంచితే నాలుగు వారాలు వాడుకోవచ్చు, వృథా భయం లేదు. అరవై దాటిన అర్హులకు పింఛను నెలకోసారి ఒకటో తేదీన గుమ్మం దగ్గరికే వస్తోంది. ఇచ్చే సచివాలయ సిబ్బందికి ఇల్లిల్లూ తెలుసు. వాళ్ల వెంట ఏఎన్ఎం కూడా టీకా డబ్బాతో వెళ్లి, వేసిన తేదీ పింఛను కార్డు వెనక రాస్తే చాలు. జూన్ 1న మొదటి డోసు వేస్తే రెండోది జులై 1న, మూడోది జనవరి 1న పడుతుంది. ముందుగా ఒక్క టీకా కూడా ఎరగని మగవాళ్లతో మొదలుపెట్టాలి.