నత్త జోరుగా మేసినంత మాత్రాన చెరువు నీరు మంచిదైపోదు

శ్రీకాకుళం పాడి రైతుల ఫోన్లలో ఈ వానాకాలం ఒక సందేశం తిరుగుతోంది. నత్తలు నాచును జోరుగా మేస్తుంటే ఆ చెరువు నీరు శుభ్రమట, పశువులను నిశ్చింతగా తోలవచ్చట. మేత మాని గట్టెక్కితే నీటిలో విషం కలిసినట్టేనట. రెండూ తప్పే. మొదటిది నమ్మితే గేదెకే ముప్పు.

ముందు విషం సంగతి. నీరు పాడైనప్పుడు నత్తలు పైకి రావడం నిజమే. అయితే శత్రువు జాడ తగిలినా చాలా నత్తలు అదే పని చేస్తాయి. నత్తకు చూపు అంతంతమాత్రం, వాసనే దానికి ఆధారం. మా పెరటి తొట్టిలో చిన్న నత్తలు గోడ మీది నాచు గీకుతుంటే, ఒకదాన్ని రాతితో చిదిపి ఆ నీటిలోనే వేశాను. కాసేపటికి మిగిలినవి గీకడం ఆపాయి. ఒక్కొక్కటే పైకి పాకి, నీటి గీత దాటి, అంచుకు అతుక్కుపోయాయి. తొట్టిలో విషం లేదు, చితికిన తోటి నత్త రసం తప్ప. చేపలు, పీతలు ఉన్న చెరువులో ఈ భయం రోజూ ఉండేదే. నత్తలే ముఖ్య ఆహారమైన నత్తగుల్ల కొంగలు ఏటా మన జిల్లాలోని తేలుకుంచికి వస్తాయి కదా, ఆ పక్షులను చూసినవారికి ఇది వింతగా తోచదు.

ఇక జోరుగా మేయడం. అమెరికాలో ఫైసా జాతి నత్తలతో చేసిన ప్రయోగంలో, పరాన్నజీవి సోకినవి ఆరోగ్యంగా ఉన్నవాటికంటే వేగంగా నాచు మేశాయి. లోపలి పురుగులు నత్త తిన్నదాన్ని దోచుకుంటాయి, చాలాసార్లు గుడ్లు పెట్టే శక్తినీ పోగొడతాయి. అన్ని నత్తలకూ ఇలాగే జరుగుతుందని అనను. కానీ మేత జోరును ఆరోగ్యానికి గుర్తుగా ఎలా తీసుకుంటాం?

మన పశువుల కాలేయంలో చేరే పరాన్నజీవి పురుగు, కార్జపు జలగ, పెరిగేది చెరువు నత్తలోనే. పేడతో నీటిలో పడిన గుడ్డు పగిలి, పిల్ల పురుగు నత్తలో చేరుతుంది. అక్కడ వందలుగా పెరిగి, బయటికొచ్చి, గట్టు గడ్డికి కంటికి ఆనని గుళికల్లా అంటుకుంటుంది. గేదె ఆ గడ్డి కొరికితే పురుగు పేగు దాటి చేరేది కాలేయానికే. నత్తలు నాచంతా తినేసి నీరు తేటపడ్డా ఈ గుళికలు ఎక్కడికీ పోవు.

కాబట్టి నీటి అంచు గడ్డి మేపకండి. తాగడానికి బోరు నీరు తొట్టిలో పోయండి. దవడ కింద వాపు కనిపిస్తే వెంటనే పశువైద్యుడి దగ్గర పేడ పరీక్ష చేయించండి.