బోర్డు పెట్టితిమి, రోగమా, ఆగుము

చెట్లకు రోగం వస్తే మొట్టమొదట చేయాల్సిన వైద్యం ఏమిటన్న విషయంలో ప్రపంచ దేశాలన్నీ ఒక్క మాట మీద ఉన్నాయి. అడవిలో నడక దారి మొదట్లో బోర్డు పెట్టాలి. ఎర్ర అక్షరాలైతే మరీ మంచిది. ‘ఈ దారి మూసివేయడమైనది’ అని రాసి, పక్కన ఒక టేపు కట్టేస్తే సగం రోగం నయమైనట్టే లెక్క. మిగతా సగం సంగతి వచ్చే బడ్జెట్‌లో చూసుకుంటారు.

ఈ విధానాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. కొన్ని రోగాలు బూట్లకు అంటిన మట్టితో చెట్టు నుంచి చెట్టుకు పాకుతాయి కదా. అడవిలో తిరిగే ప్రాణులన్నింటిలోనూ చదువొచ్చినవాడు నడకకు వచ్చిన మనిషి ఒక్కడే. గాలికి అక్షరం ముక్క రాదు. పురుగు బడికి వెళ్లలేదు. అడవిపంది టేపు కింద నుంచి దూరి దర్జాగా వెళ్లిపోతుంది, దాని గిట్టలకు అంటిన మట్టి గురించి అడిగే ధైర్యం ఎవరికీ లేదు. కాబట్టి ఆగేవాణ్ణే ఆపాలి. పరిపాలన అన్నాక ఆమాత్రం లౌక్యం ఉండాలి.

న్యూజిలాండ్ సంగతే చూడండి. అక్కడ కౌరీ అనే మహావృక్షం ఉంది. వైపోవా అడవిలో జనం ‘తానే మహూతా’ అని పేరు పెట్టుకున్న కౌరీ మొదలు చుట్టుకొలత 13 మీటర్ల పైమాటే. వయసు రెండు వేల ఏళ్ల దాకా ఉండవచ్చని అంచనా. తుఫాన్లను, గొడ్డళ్లను తట్టుకుని నిలబడ్డ ఇంత చెట్టునూ పడగొట్టడానికి గుండుసూది తలంత మట్టి చాలట. ఆ మట్టిలో ఫైటాఫ్తోరా అగాథిడిసిడా అనే సూక్ష్మజీవి ఉంటే సరిపోతుంది. చూడటానికి ఫంగస్‌లా ఉంటుంది గానీ, బంధుత్వం కలిపి చూస్తే అది నాచు జాతికి దగ్గర. కౌరీ వేర్లు నేల పైపొరలోనే పరుచుకుని ఉంటాయి. ఈ జీవి వాటిని కుళ్లబెడుతుంది, మొదలు నుంచి జిగురు కారుతుంది, పైన కొమ్మలు ఎండిపోతాయి. రోగాన్ని కొంతకాలం నెమ్మదింపజేసే ఇంజక్షన్లు ఉన్నాయి గానీ, పూర్తిగా నయం చేసే మందు లేదు.

మందు లేనప్పుడు ఏముంటుంది? బ్రష్ ఉంటుంది. అడవి దారుల మొదట్లో బూట్లు రుద్దుకునే బ్రష్‌లు, క్రిమిసంహారక ద్రావణం చల్లే ఏర్పాట్లు పెట్టారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు మన పెద్దలు. ఇక్కడ వరస మారింది. ముందు కాలు కడుగు, తర్వాత అడుసు తొక్కు, బయటికి వచ్చేటప్పుడు మళ్లీ కడుగు. చాలామంది నడకరాయుళ్లు ఈ మూడింటిలో మధ్యది మాత్రమే పాటించారు. పాపం, వాళ్లు వచ్చిందే దానికోసం.

ఫలితం 2017లో వచ్చిన రిపోర్టులో కనబడింది. ఆక్లాండ్ పక్కనున్న వైటాకెరె కొండల్లో కౌరీ రోగం ఐదేళ్లలో 8 శాతం నుంచి 19 శాతానికి పెరిగిందని అందులో తేలింది. ఆ అడవికి తరతరాల సంరక్షకులైన తె కవెరావ్ ఆ మాకి అనే మావోరీ తెగవారు అదే డిసెంబరులో ‘రాహుయి’ ప్రకటించారు. అంటే, అడవి కోలుకునే దాకా ఎవరూ అడుగు పెట్టకూడదన్న సంప్రదాయ నిషేధం. బోర్డుల కన్నా పాత పద్ధతి. నగర పాలకులు మాత్రం తొందరపడలేదు. మొదట కొన్ని దారులు మూస్తే చాలన్నారు. ఆలోచించగా ఆలోచించగా, 2018 మే 1 నుంచి అడవి మూసేశారు. ఈ లోపల రోగం కూడా తన ఆలోచనలు వాయిదా వేసుకుని ఉంటుందని ఆశిద్దాం.

హవాయిలో ఓహియా చెట్లను చంపే రోగం వచ్చాక అక్కడ ఇంకో మెట్టు పైకెక్కారు. బూట్ల అడుగున మట్టి తీసేసి, 70 శాతం ఆల్కహాల్ చల్లుకుని మరీ అడవిలోకి వెళ్లమంటారు. ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లే డాక్టరు చేతులకు జరిగే మర్యాద ఇప్పుడు బూట్లకు జరుగుతోంది. ఇందులో ఎగతాళి చేయాల్సిందేమీ లేదు, ఇది నిజంగా పనిచేసే జాగ్రత్తే.

నాకు చిక్కుముడిగా తోచేది బ్రిటన్. అక్కడి యాష్ చెట్లను తినేస్తున్న ఫంగస్‌కు బూట్లతో పెద్దగా పనిలేదు. కిందటేడు రాలిన ఆకు కాడల మీద వేసవిలో చిన్న చిన్న తెల్లటి గొడుగుల్లా పుట్టి, గాలిలోకి బీజాలు వదులుతుంది. మరి అక్కడ దారులు ఎందుకు మూస్తున్నారు? చెట్టును మనిషి నుంచి కాపాడటానికి కాదు, మనిషిని చెట్టు నుంచి కాపాడటానికి. రోగం ముదిరిన యాష్ కొయ్య పెళుసుబారిపోతుంది, చెప్పాపెట్టకుండా కొమ్మ విరిగి పడుతుంది. చెట్లు కొట్టడమే వృత్తిగా ఉన్నవాళ్లే అలాంటి చెట్టు ఎక్కడానికి జంకుతారు, యంత్రాలు తెప్పించమంటారు.

ఇక్కడే బోర్డు రాసే పెద్దలతో నాకు పేచీ. ఒక చోట చెట్టుకు నేను ప్రమాదం, ఇంకో చోట నాకు చెట్టు ప్రమాదం. రెండు చోట్లా బోర్డు మాత్రం ఒకటే. నేను హంతకుణ్ణా, హతుణ్ణా అన్నది చెప్పకపోతే ఎలాగండీ? కారణం తెలియని మనిషి తనకు తోచిన కారణం ఊహించుకుంటాడు. కాంట్రాక్టరు టేపు విప్పడం మర్చిపోయి ఉంటాడనుకుంటాడు. ‘నేనొక్కణ్ణి వెళితే ఏమవుతుందిలే’ అనుకుని టేపు దాటతాడు. అతని వెనకాల వచ్చేవాడు టేపు కిందున్న అడుగుజాడలు చూసి, ఇదే అసలు దారి కాబోలు అనుకుంటాడు. రెండు వారాలకు పాత దారి పక్కనే కొత్త దారి పడుతుంది, ఈసారి సరిగ్గా వేర్ల మీదుగా.

ఇక ఆ రోగం బ్రిటన్‌కు ఎలా వచ్చిందో కూడా చూద్దాం. పోలండ్‌లో యాష్ చెట్లు చావడం 1990ల మొదట్లోనే కనబడింది. తర్వాత ఇరవై ఏళ్ల పాటు యూరప్ అంతా అది పాకుతుంటే, తమ గడ్డ మీద తనంతట తానే విరివిగా మొలిచే ఆ చెట్టు మొక్కల్ని బ్రిటన్ విదేశాల నుంచి లారీల్లో తెప్పించుకుంటూనే ఉంది. 2012లో అలా వచ్చిన నర్సరీ మొక్కల్లోనే రోగం బయటపడింది. అదే ఏడాది అక్టోబరులో దిగుమతి నిషేధించారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు అంటారు, కుక్కల మీద అది అన్యాయమైన మాట, అవి మరీ ఇరవై ఏళ్లు ఆగవు. కొంత రోగం గాలిలో సముద్రం దాటి కూడా వచ్చిందంటారు, నిజమే. కానీ గాలి ఇన్వాయిస్ ఇవ్వదు, లారీ ఇస్తుంది. ఈ మొత్తం వ్యవహారానికి బ్రిటన్‌లో వందేళ్లలో 1,500 కోట్ల పౌండ్లు ఖర్చవుతాయని 2019లో పరిశోధకులు లెక్కగట్టారు. అంత డబ్బుతో బోర్డులు చేయిస్తే అడవి కనబడదు.

వేల్స్‌లో లార్చ్ చెట్లది ఇంకో కథ. అక్కడి రోగానికి సర్కారీ నోటీసు వస్తే చెట్లు కొట్టేయాల్సిందే. కుమ్‌కార్న్ అడవిలో కార్లు తిరిగే దారిని 2014లో మూసి, లక్షన్నరకు పైగా లార్చ్‌లు కొట్టి, 2021లో తెరిచారు. ఏడేళ్లు! ఆ దారి మూసినప్పుడు తండ్రి భుజం మీద ఎక్కి వచ్చిన పిల్లవాడు, తెరిచేసరికి అడవికి రమ్మంటే ఫోన్ పక్కన పెట్టని వయసుకు వచ్చి ఉంటాడు. అయినా ఆ దారి తెరిచారు, తేదీ చెప్పి మరీ. మూసే దారులన్నింటికీ ఆ భాగ్యం లేదు.

వైటాకెరెలోనూ కొన్ని దారులు మళ్లీ తెరుచుకున్నాయి, వేర్లకు బూటు తగలకుండా కంకర పోసి, చెక్క వంతెనలు వేసి. బురద లేకుండా అడవిలో నడవడం కొందరు పాతకాపులకు నచ్చలేదట. చెట్టు వైపు నుంచి అలాంటి ఫిర్యాదేమీ అందలేదు.

కనుక సంబంధిత అధికారులకు నా వినతి చిన్నది. బోర్డు ఉండనివ్వండి. దాని మీద ఎవరి నుంచి ఎవరిని కాపాడుతున్నారో ఒక ముక్క రాయండి, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఇంకో ముక్క రాయండి. బ్రష్ పెట్టిన చోట ద్రావణం అయిపోతే నింపండి. ఇంకా చోటు మిగిలితే ఆ రోగం ఈ అడవికి ఏ దారిన వచ్చిందో కూడా రాయించండి. మొక్కల లారీ నంబరు దొరికితే అది కూడా, అదే సైజు ఎర్ర అక్షరాలతో.