అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు ఆగదు

తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మాట ఇది: "సివిల్ కేసు ఓడినా కంగారొద్దు. తీర్పు కాపీ చేతికొచ్చిన రోజు నుంచి 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు వేస్తే చాలు, తీర్పు ఆగిపోతుంది. కొత్త కాగితాలతో కేసు మళ్లీ మొదలవుతుంది." ఇందులో ఒక్క ముక్కా నిలవదు.

శ్రీకాళహస్తిలోనో పుత్తూరులోనో జూనియర్ సివిల్ జడ్జి ఇచ్చిన డిక్రీ (తీర్పును అనుసరించి కోర్టు రాసే ఉత్తర్వు) మీద మొదటి అప్పీలు అమరావతిలోని హైకోర్టుకు పోదు. జిల్లాలోనే పైకోర్టులో వేయాలి, గడువు 30 రోజులు. 90 రోజులు హైకోర్టుకు పోయే అప్పీళ్లకే.

లెక్క మొదలయ్యేది డిక్రీ తేదీ నుంచి. కాపీకి పట్టిన కాలాన్ని తీసేస్తారు, నిజమే. కానీ కోర్టు తీసుకున్న కాలాన్నే తీసేస్తారు, మీరు చేసిన ఆలస్యాన్ని కాదు. సర్టిఫైడ్ కాపీ వెనక ముద్ర చూడండి: అర్జీ పెట్టిన తేదీ, కాపీ చార్జీలు కట్టమని కోర్టు పిలిచిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ అన్నీ ఉంటాయి. తీర్పు తర్వాత వారానికి అర్జీ పెట్టి, చార్జీలు పిలిచాక 15 రోజులకు కడితే ఆ 22 రోజులూ మీ లెక్కలోకే. మిగిలేవి 8. కాపీ సిద్ధమయ్యాక తీసుకోకుండా ఉంటే అవీ కరుగుతాయి. చాలా అప్పీళ్లు చెడేది ఇక్కడే.

గడువు దాటితే ఆలస్యానికి కారణం చూపుతూ పిటిషన్, అఫిడవిట్ జత చేయాలి. అప్పీలు వినాలని కోర్టు నిర్ణయించేదాకా స్టే ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 3ఏ రూలు చెబుతోంది. ఈలోగా గెలిచినవాళ్లు ఈపీ (డిక్రీని అమలు చేయమనే పిటిషన్) వేసి ఆస్తి స్వాధీనం తీసుకోవచ్చు.

గడువులోపు వేసినా స్టే దానంతట అది రాదు. విడిగా ఐఏ (కేసు మధ్యలో వేసే అర్జీ) వేసి, స్టే లేకపోతే గణనీయంగా నష్టం జరుగుతుందని చూపి, పూచీ ఇవ్వాలి. డబ్బు డిక్రీ అయితే సొమ్ము డిపాజిట్ చేయమనడం మామూలే.

కొత్త కాగితాలా? మొదటి అప్పీలులో వాస్తవాలనూ పరిశీలిస్తారు, కానీ కింది కోర్టు రికార్డు మీదే. ఇంట్లో ఇనప్పెట్టెలో ఉన్న పాస్‌బుక్కును అప్పుడు చూపడం మరిచిపోయామంటే కుదరదు. కొత్త కాగితం తీసుకోవాలంటే, కింది కోర్టు తీసుకోవాల్సిన సాక్ష్యాన్ని నిరాకరించి ఉండాలి, లేదా ఎంత జాగ్రత్తపడ్డా అప్పట్లో దొరికి ఉండకూడదు, లేదా తీర్పు చెప్పడానికి పైకోర్టుకే అది అవసరమనిపించాలి.

రాజీ డిక్రీ (ఇరుపక్షాలూ ఒప్పుకున్నాక ఇచ్చినది) మీద అయితే అదే కోడ్ 96వ సెక్షన్ కింద అప్పీలే లేదు.