జరిమానా కట్టేసి మళ్లీ అదే పని

ఖాతా భద్రంగా ఉండాలంటే ఫోన్ నంబర్ ఇవ్వండి అంటే ఎవరు మాత్రం కాదంటారు? ట్విట్టర్ అలాగే అడిగింది, జనం ఇచ్చారు. తీరా చూస్తే ఎవరికి ఏ ప్రకటన చూపించాలో తేల్చుకోవడానికి కూడా ఆ నంబర్లనే వాడుకుంది. దీని మీద 2022లో, అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌ పెట్టిన కేసులో 15 కోట్ల డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. ఇంటి తాళం బాగుచేయమని ఇస్తే మారుతాళం చేయించుకుని దగ్గర పెట్టుకున్నట్టుంది వ్యవహారం.

గోప్యతా చట్టాలు వచ్చాయి కదా, ఇంకా టెన్షన్ ఎందుకు అనేవాళ్లున్నారు. మేం చూసేది చట్టం ఉందా లేదా అని కాదు, దాన్ని ఉల్లంఘిస్తే కంపెనీకి నిజంగా ఏం పోతుందన్నదే. ఫేస్‌బుక్ సంగతే చూడండి. వినియోగదారులను మోసం చేయబోమని 2012లో ఇదే కమిషన్‌తో ఒప్పందం చేసుకుంది, ఆ మాట తప్పిందని 2019లో 500 కోట్ల డాలర్ల జరిమానా పడింది. వినడానికి కళ్లు తిరిగే మొత్తమే గానీ, అంతకుముందు ఏడాది ఆ కంపెనీ రాబడితో పోలిస్తే అది సుమారు నెల రోజుల సంపాదన. జరిమానా వార్త బయటికొచ్చిన రోజు షేరు ధర పడకపోగా పెరిగింది!

యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కొంత నయం. ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం దాకా జరిమానా వేయొచ్చు, డేటా లీకైతే 72 గంటల్లోగా నియంత్రణ సంస్థకు చెప్పాలి, నా వివరాలు చెరిపేయండి అని అడిగే హక్కు మనిషికి ఉంటుంది. ఇవి చిన్న విషయాలేం కావు. కానీ అక్కడ కూడా చాలా భాగం మన అంగీకారం మీదే నడుస్తుంది, ఆ అంగీకారం ఎలా రాబడతారో అందరికీ తెలిసిందే: ‘ఒప్పుకుంటున్నాను’ అనే బటన్ ఎదురుగా మెరుస్తూ ఉంటుంది, ‘వద్దు’ అనాలంటే రెండు మూడు పేజీలు వెతుక్కోవాలి. ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ సరిగ్గా ఈ చమత్కారానికే గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు వేసింది. ఆ తర్వాతే యూరప్‌లో గూగుల్ ‘అన్నీ వద్దు’ బటన్ పెట్టింది. ఒక్క బటన్ కోసం ఇంత తతంగం.

మరి ఏ చట్టం పనిచేస్తుంది? అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2008లో చేసిన చట్టం మాకు ఆసక్తిగా అనిపిస్తుంది. రాతపూర్వక అనుమతి లేకుండా ముఖం కొలతలు, వేలిముద్రలు తీసుకుంటే ఏ అధికారి కోసమూ ఎదురుచూడకుండా నష్టపోయిన మనిషే కోర్టుకెళ్లొచ్చు, ఉల్లంఘనకు 1,000 నుంచి 5,000 డాలర్ల దాకా పరిహారం అడగొచ్చు. ఒక్కొక్కరికీ చిన్న మొత్తమే, లక్షల మంది కలిస్తే మాత్రం కంపెనీ గుండెల్లో రాయి పడుతుంది. ఫొటోల్లో ముఖాలు గుర్తించినందుకు ఫేస్‌బుక్ ఈ చట్టం కిందే 65 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. కారణం అదొక్కటే అనలేం గానీ, రాజీకి కోర్టు ఆమోదం దొరికిన 2021లోనే ఆ వ్యవస్థను ఆపేసి, 100 కోట్ల మందికి పైగా ముఖాల నమూనాలు చెరిపేస్తామని ప్రకటించింది.

టెక్సాస్‌లోనూ ఇంచుమించు ఇలాంటి చట్టమే 2009 నుంచి ఉంది. పెద్ద తేడా ఏంటంటే, అక్కడ మామూలు మనిషి కేసు వేయడానికి లేదు, రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్ మాత్రమే వేయాలి. ఆ చట్టం కింద మొదటి కేసు పడింది 2022లో.